పంపుల పిన్ని పెద్ద చుక్క

ఆ వీధిలో కొళాయి కారినా, మోటారు మూలిగినా, పైపు పగిలినా అందరూ కబురు పెట్టేది ఒక్కరికే. ఆవిణ్ణి పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. పిల్లలకూ పెద్దలకూ, తనకంటే వయసులో పెద్దవాళ్ళకు కూడా ఆవిడ పంపుల పిన్నే. పొట్టి మనిషి, గుండ్రటి భుజాలు, ఒక భుజానికి రెంచీల సంచీ. ఆవిడ వీధి మలుపు తిరగకముందే సంచీ చప్పుడు తిరిగేస్తుంది.

ఈ పని ఆవిడకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. కాపురానికి వచ్చిన కొత్తలో టైలరు మొగుడితో ఒకే గదిలో ఉండేవాళ్ళు. కుట్టి ఇస్త్రీ చేసి దొంతరగా పేర్చిన గిరాకీల బట్టల పక్కనే ఉన్న కొళాయి ఒకరోజు పట్టు వదిలింది. ప్లంబరు రేపొస్తానన్నాడు. రేపటిదాకా ఆగే ఓపిక లేక పిన్ని మొగుడి పెద్ద కత్తెర పిడితోనే కొళాయి తల ఊడదీసింది. నీళ్ళు పైకప్పు దాకా లేచాయి. ఏడవాల్సిన పిల్ల నవ్వడం మొదలుపెట్టింది. మొగుడు బట్టలు గుండెకు హత్తుకుని బయటికి పరుగెత్తాడు గానీ, ఈవిడ మాత్రం ఆ జల్లులో నిలబడి చేతిలోని రబ్బరు బిళ్ళను తిప్పి తిప్పి చూసుకుంటూ ఉండిపోయింది. వీధంతటి నీళ్ళను ఇన్నాళ్ళూ ఆపింది ఈ చొక్కా గుండీ అంత బిళ్ళా అని ఆవిడ నవ్వు.

అప్పటినుంచి అదే వరస. పని కుదిరిందంటే ఆవిడకు నవ్వొచ్చేస్తుంది. ఆపుకుందామన్నా ఆగదు. సింకు కిందనుంచి కిలకిల వినపడితే ఇంటివాళ్ళు వచ్చి చూడనక్కర్లేదు, పని అయిపోయినట్టే.

పిన్నికి ఒక అక్క ఉంది. చిన్నపిల్లల బడిలో చేతిరాత నేర్పే టీచరు. ఇద్దరూ ఒకే కడుపున పుట్టారంటే విన్నవాళ్ళు ఒకసారి ఆగి మళ్ళీ చూస్తారు. అక్క నిటారుగా నడుస్తుంది, నిటారుగా కూర్చుంటుంది. ఆవిడ బట్టల మీద మడత కూడా అనుమతి తీసుకునే పడుతుంది. మీ అక్షరం అచ్చు వేసినట్టుందండీ అని ఎవరైనా మెచ్చుకుంటే ఆవిడకు ఒళ్ళు మండుతుంది. అచ్చు నా అక్షరంలా ఉండాలి గానీ నా అక్షరం అచ్చులా ఉండడమేమిటని కయ్యానికి దిగుతుంది. అలాంటి మనిషికి ఒక్కగానొక్క కూతురు బుల్లి. ఆ బుల్లి చదివి చదివి చివరికి వెళ్ళి చేరింది ప్రింటర్లు తయారుచేసే కంపెనీలో. ప్రింటరు తలలో సిరా చుక్కలు చిమ్మే సన్నటి బొక్కలుంటాయి కదా, వాటిని తయారుచేసే విభాగంలో ఇంజనీరు.

కూతురి పని ఏమిటో అక్కకు ఎన్నేళ్ళకూ అంతుపట్టలేదు. మొదట్లో బుల్లి చెప్పింది చెప్పినట్టే ఒప్పజెప్పేది. ఒకసారి బడిలో తోటి టీచరు, మీ అమ్మాయి ఏం చేస్తోందండీ అని అడిగితే, "చుక్కలేస్తుంది" అంది. ఆ టీచరు ముఖం పాలిపోయింది. మెల్లగా అక్క చేయి పట్టుకుని, "రోజూనా" అని అడిగింది. అక్క గర్వంగా, "రోజూనే. పొద్దున్నే వెళ్ళి మొదలుపెడుతుంది" అంది. సాయంత్రం బడి వదిలే వేళకు స్టాఫ్ రూమంతా అక్కను చూసి జాలిపడింది. ఒకావిడ తెలిసిన డాక్టరు చిరునామా కూడా ఇచ్చింది. సంగతి అర్థమయ్యాక అక్క చాలాకాలం ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. ఆ తర్వాత ఎవరడిగినా "ప్రింటింగ్ ప్రెస్సులో" అని ఒక్క ముక్కతో తేల్చేసేది. బుల్లికి ఆ ముక్క చెవిన పడినప్పుడల్లా అన్నం సయించేది కాదు.

ఒక ఆదివారం పిన్ని వెనక పెరట్లో పాత మోటారు విప్పుకుంటూ ఉంటే బుల్లి వచ్చి పక్కన కూలబడింది. కంపెనీలో కుటుంబాల రోజు పెడుతున్నారట. ఎవరి పని ఏమిటో వాళ్ళు తమ ఇంటివాళ్ళకు తెలిసేలా చూపించాలట. మిగతావాళ్ళు పెద్ద పెద్ద బొమ్మలు వేయిస్తున్నారట.

"అమ్మకు బొమ్మ చూపిస్తే గీత వంకరగా ఉందంటుంది పిన్నీ. చేత్తో పట్టుకుని ఆడించేది ఒకటి కావాలి. నువ్వు చేసి పెట్టాలి" అంది బుల్లి.

ఏం చేసి పెట్టాలని పిన్ని అడిగింది. పంపు అంది బుల్లి. పిన్ని చేతిలోని రెంచీ కింద పెట్టింది. ఇన్నేళ్ళూ ఈ పిల్ల బొక్కలు చేస్తుందనుకుంది గానీ పంపులు చేస్తుందని ఎవరూ ఆవిడకు చెప్పలేదు. ఎంత పంపు అని అడిగితే బుల్లి తన తలలోంచి ఒక వెంట్రుక పీకి ఎండకు ఎత్తి పట్టుకుని, దీన్ని అడ్డంగా కోస్తే కనపడే గుండ్రం ఎంతుంటుందో, పంపు మూతి అంతకంటే చిన్నదని చెప్పింది. పిన్ని ఆ వెంట్రుకను చాలాసేపు చూసింది. చూడకుండా చేయలేనని, తీసుకెళ్ళి చూపించమని పట్టుబట్టింది.

కంపెనీ గేటు దగ్గర వాచ్‌మన్ రెంచీల సంచీ లోపలికి తీసుకెళ్ళనివ్వలేదు. సంచీ లేకపోయేసరికి పిన్నికి ఒక పక్కకు ఒరిగిపోతున్నట్టనిపించింది. లోపల తెల్లకోటు తొడిగారు, తలకు టోపీ, కాళ్ళకు సంచుల్లాంటి తొడుగులు. ఆపరేషనుకు తీసుకెళుతున్నారేమోనని ఆవిడకు అనుమానమొచ్చింది. బుల్లి ఒక తెర ముందు కూర్చోబెట్టి సూక్ష్మదర్శిని కింద ఉన్నదాన్ని చూపించింది. గోరంత చిప్పు మీద వరసలు వరసలుగా గుండ్రటి బొక్కలు. ఒకదాన్ని దగ్గరికి తెస్తే పైనుంచి తొంగిచూసిన బావిలా ఉంది. బావిలో ఒక తెడ్డు ఉంది.

ఆ తెడ్డు సంగతి బుల్లి విడమరిచి చెప్పింది. తెడ్డుకు ఒక చేయి, ఆ చేతికి రెండు పొరలు. పై పొరలోకి కరెంటు పోతే అది వేడెక్కి సాగుతుంది, కింది పొర సాగదు. ఒకటి సాగి ఒకటి సాగకపోతే చేయి వంగక తప్పదు. వంగితే తెడ్డు కదిలి సిరాను బొక్కలోంచి బయటికి తోస్తుంది. కరెంటు ఆగగానే చేయి చల్లబడి వెనక్కి వస్తూ సిరాను కూడా వెనక్కి గుంజుతుంది. అప్పటికే బయటికి ఉబికిన సిరా ఒకవైపు, వెనక్కి లాగే సిరా ఒకవైపు. మధ్యలో మెడ సన్నబడి సన్నబడి తెగుతుంది. తెగి ఎగిరిందే చుక్క.

"వాల్వేది?" అంది పిన్ని.

"లేదు."

"మరి ఊరికే ఉన్నప్పుడు కారిపోదూ?"

"కారదు పిన్నీ. అంత సన్నటి మూతి దగ్గర సిరా తన చర్మంతో తనే మూత వేసుకుంటుంది. నీళ్ళ మీద పురుగులు నడవడం చూడలేదూ? అదే చర్మం."

పిన్ని వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది. వాల్వు లేని పంపు, కారని బొక్క, రెంచీ అక్కర్లేని మూత. బుల్లి తెర పక్కన ఇంకో మీట నొక్కింది. ఈసారి బొక్క పక్కనుంచి కనపడింది, దాని కింద గాలిలో ఒక నల్లటి చుక్క వేలాడుతోంది. కదలదు, పడదు. నిజానికి అది ఒక చుక్క కాదని, కన్ను ఆర్పేలోపు వేల చుక్కలు పడుతున్నాయని, ప్రతి చుక్కా సరిగ్గా అదే చోటికి వచ్చేసరికి దీపం ఒక్కసారి మెరుస్తుందని, అందుకే ఒకటే నిలబడినట్టు కనిపిస్తుందని బుల్లి చెప్పింది.

పిన్నికి నవ్వు మొదలైంది. తెల్లకోటూ టోపీ కాళ్ళ సంచులూ ఊగిపోయేలా అదుపు లేకుండా నవ్వింది. పక్క బల్ల దగ్గర పనిచేసుకుంటున్న ఆయన మూర్ఛేమోనని లేచి నిలబడ్డాడు.

"నేను జీవితమంతా చుక్క పడకుండా చూసి డబ్బులు తీసుకున్నానే. నువ్వు చుక్క పడేలా చూసి జీతం తీసుకుంటున్నావు. ఒకే కుటుంబంలో ఇద్దరం" అంది కళ్ళు తుడుచుకుంటూ.

ఆ మర్నాటినుంచి వెనక పెరడు వర్క్‌షాపైపోయింది. ఆ ఇంటి యజమానురాలు, పైన వాటాలో ఉండే మామ్మ, బాల్కనీలో కుర్చీ వేయించుకుని కూర్చుంది. ఆవిడకు టీవీ పాడైపోయి చాలా రోజులైంది.

ముందు వంగే చేయి. పిన్ని ఇనుప బద్దనూ ఇత్తడి బద్దనూ జంటగా పెట్టి మేకులు దిగ్గొట్టి, ఒక కొసను గోడకు బిగించి, రెండో కొసకు రేకు తెడ్డు కట్టింది. బ్లోలాంప్ వెలిగించి బద్ద మీద మంట పెట్టింది. పెట్టి నిలుచుంది. టైలరు కూడా మిషను మీదనుంచి లేచి వచ్చి నిలుచున్నాడు.

"వంగిందా?" అని పైనుంచి మామ్మ అడిగింది.

"ఆలోచిస్తోందండీ" అన్నాడు టైలరు. ఆయన తక్కువ మాట్లాడే మనిషి. మాట్లాడినదంతా అలాగే ఉంటుంది.

చివరికి వంగింది, బద్ధకస్తుడు పక్కకు ఒత్తిగిల్లినట్టు వంగింది. వెనక్కి రావడానికి అంతకంటే ఎక్కువసేపు తీసుకుంది. సాయంత్రం బుల్లి వచ్చి చూసి పొట్ట పట్టుకుంది. చెంచాడు నీళ్ళు కాగడానికీ గంగాళం నీళ్ళు కాగడానికీ తేడా లేదూ, మా తెడ్డు అంత చిన్నది కాబట్టే చిటికెలో వేడెక్కి చిటికెలో చల్లారుతుందని చెప్పింది. అయితే తోసే పని బద్దకు వద్దు, అది గొళ్ళెం తీస్తే చాలు, తోయడానికి నా దగ్గర ఇంకోటుంది అని పిన్ని పాత షట్టరులోంచి ఒక స్ప్రింగు పీకి తెచ్చింది. లివరు లాగితే స్ప్రింగు ముడుచుకుని గొళ్ళెం పడుతుంది. బద్ద వేడికి వంగితే గొళ్ళెం లేస్తుంది, స్ప్రింగు తెడ్డును తంతుంది. బద్ద ఎప్పుడు వంగాలనుకుంటే అప్పుడు. అది ఎవరి చేతుల్లోనూ లేదు.

తర్వాత నీళ్ళు. ఒక నీళ్ళ ట్యాంకు పక్కన పళ్ళెమంత గుండ్రటి మూతి కోసి, లోపల తెడ్డు బిగించింది. మూతికి చెయ్యి అడ్డం పెట్టి టైలరును నీళ్ళు పోయమంది. నిండాక, చర్మం మూత వేసుకుంటుందిగా అని నమ్మకంగా చెయ్యి తీసింది. ట్యాంకుడు నీళ్ళూ పెరట్లోకి వచ్చాయి. టైలరు చెప్పులు గేటు దాకా ఈదుకుంటూ వెళ్ళాయి. మళ్ళీ నింపి, ఈసారి చెయ్యి తీసీ తీయగానే తెడ్డును తన్నించారు. ఎవరో బకెట్టును కాలితో తన్నినట్టు భళ్ళున ఒలికింది తప్ప చుక్క అనేదే లేదు.

నీళ్ళు చూసి పిన్నికి నవ్వు రాకపోవడం అదే మొదటిసారి. మెట్టు మీద కూర్చుని, నీళ్ళు నన్ను మోసం చేశాయంది. బుల్లి పక్కన కూర్చుని, నీళ్ళ తప్పు లేదు పిన్నీ, చర్మం అంతే ఉంది, పొట్ట పెరిగిపోయింది అని సముదాయించింది. చీమకు చొక్కా కుట్టిన గుడ్డతోనే ఏనుగుకు కుట్టమంటే ఎలాగ అని టైలరు తన మాట కూడా కలిపాడు. ఆ మాటతో పిన్ని లోపల ఏదో కదిలింది గానీ అది ఏమిటో అప్పటికి తెలియలేదు.

తెలిసింది ఒక ఫంక్షను హాల్లో. ఎవరిదో పుట్టినరోజు. కడిగే గదిలో కొళాయి వదులుగా ఆడుతోందని పిలిస్తే వెళ్ళింది. అలంకరణ చేసేవాళ్ళు బుడగలు ఊది తోరణాలు కడుతున్నారు. ఊదని బుడగ ఒకటి కింద పడి ఉంటే, పిన్ని ఊరికే దాన్ని కొళాయి మూతికి తొడిగి తిప్పింది. మెయిను వాల్వు దాదాపు కట్టేసి ఉండడంతో కొంచెంగా నీళ్ళు వచ్చాయి. బుడగ కిందికి సాగింది, పొట్ట నిండింది, మెడ సన్నబడింది. అచ్చం ఆ తెర మీద చూసిన చుక్కే. నీటికి పెద్ద చర్మం కావాలంటే అంగట్లో రంగురంగులవి దొరుకుతున్నాయి. ఆవిడకు నవ్వు ముంచుకొచ్చింది. హాలు మేనేజరు ఆ నవ్వు విని, పిన్ని పని అయిపోయిందర్రా అని లోపల మెయిను పూర్తిగా తెరిచేశాడు. పని ఇంకా మొదలే కాలేదు. కొళాయి మూతి ఊడి, బుడగతో సహా కిటికీలోంచి బయటికి వెళ్ళిపోయింది. పిన్ని ఆ కొళాయిని రెండు పూటలు ఉచితంగా బాగుచేసి పెట్టాల్సి వచ్చింది. చేస్తున్నంతసేపూ నవ్వుతూనే ఉంది.

ట్యాంకు స్థానంలో పెట్టె వచ్చింది. లోపల జరిగేది కనపడేలా ఒక పక్క పాత స్నానాలగది గాజు తలుపు పలక బిగించింది. పైనుంచి జారుడుబల్ల మీద రంగునీళ్ళు నింపిన బుడగలు ఒకదాని వెనక ఒకటి వచ్చి తెడ్డు ముందు కూర్చుంటాయి. తొలి పరీక్షకు మంట పెట్టి ఎదురుచూస్తుండగా, బద్ద వంగిందో లేదో ఎవరూ చూడనేలేదు. ఎర్ర చుక్క ఒకటి పెట్టెలోంచి లేచి, పెరడు దాటి, అంతెత్తున బాల్కనీ చువ్వలకు తగిలి పగిలింది. మామ్మ కళ్ళద్దాలు తీసి, కొంగు చివరతో నెమ్మదిగా తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుంది. ఇల్లు ఖాళీ చేయమంటుందని టైలరు చేతులు జోడించబోయాడు.

"ఇంకోటుందా?" అంది మామ్మ.

బుల్లికి మాత్రం మనసులో ఒక ముల్లు ఉండిపోయింది. అసలు చుక్క తనంతట తను తెగుతుంది, ఇక్కడేమో ముందే మూట కట్టి పెడుతున్నాం, ఇది మోసం కాదా అంది. మోసం కాదు, అడ్జస్ట్‌మెంటు, మా పనిలో అది లేకపోతే ఏ ఇంట్లోనూ నీళ్ళు రావు అంది పిన్ని. చివరికి ఆ సంగతి చూసేవాళ్ళకు దాచకుండా చెప్పేయాలని ఒప్పందానికొచ్చారు.

కుటుంబాల రోజున కంపెనీ వెనక మైదానంలో టైలరు దుప్పట్లు అతికి కుట్టిన పెద్ద తెల్లగుడ్డ కట్టారు. దానిమీద పెద్ద చుక్కలతో 'అ' అక్షరం అచ్చువేసి చూపించాలని ఏర్పాటు. పెట్టెను తోపుడుబండి మీద ఎక్కించారు. ప్రింటరులో తల అటూ ఇటూ జరిగినట్టు ఈ బండిని జరపాలి. ఆ పని టైలరుది. ఎక్కడ ఆపాలో చెప్పడం బుల్లిది. లివరు లాగడం, మంట పెట్టడం పిన్నివి. ముందువరసలో కంపెనీ పెద్ద మేడమ్, ఆవిడ పక్కన అక్క. అక్క ఆ రోజు వేసుకున్న తెల్లబట్టల ఇస్త్రీ చూస్తే వేలు తెగేలా ఉంది.

బుల్లి మైకు పట్టుకుని తెడ్డు గురించి, వేడికి వంగే చేయి గురించి, నీటి చర్మం గురించి చెప్పింది. మా అసలు చుక్క తనే తెగుతుంది, ఈ చుక్కకు మా పిన్ని చర్మం కొనిపెట్టింది అని ఒప్పుకుంది. జనం నవ్వారు. అక్క నవ్వలేదు. గుడ్డ మీద బుల్లి పెన్సిలుతో పెట్టుకున్న గుర్తుల వంకే చూస్తోంది.

మొదటి చుక్క సరిగ్గా గుర్తు మీద పగిలింది. రెండోది దాని పక్కన. మూడోది ఇంకొంచెం కిందికి, వంపు తిరుగుతూ. తన పంపు అక్షరం రాస్తోందని తెలిసేసరికి పిన్నికి నవ్వు వచ్చేసింది. లివరు మీద చేతులు సడలిపోయాయి. లాగుదామంటే బలం లేదు, వదులుదామంటే మనసు లేదు. బండి మీద వాలిపోయి భుజాలు ఎగరేస్తోంది. గుడ్డ మీద 'అ' సగంలో ఆగిపోయి, ఉడికిన బంగాళాదుంపలా ఉంది.

అక్క ఆ బంగాళాదుంపను కాసేపు భరించింది. ఎన్నో ఏళ్ళుగా పిల్లల పలకల మీద వంకర అక్షరం కనపడితే చెరిపి దిద్దకుండా వదలని మనిషి. ఇప్పుడు ఊరందరి ముందూ ఇంత పెద్ద వంకర. లేచి గబగబా బండి దగ్గరికి వచ్చింది.

"జరగవే. అక్షరాన్ని అలా మధ్యలో వదిలేస్తారా ఎవరైనా" అని చెల్లెల్ని మోచేత్తో పక్కకు నెట్టి లివరు అందుకుంది.

అప్పటిదాకా మంట తగిలీ తగిలీ బద్ద బాగా కాలి ఉంది. వంగింది వంగినట్టే ఉండిపోయింది, ఇక గొళ్ళెం పడదు. అది ఎవరికీ తెలియదు. అక్క లివరు లాగి వదిలింది. చుక్క వెంటనే వెళ్ళింది. మళ్ళీ లాగింది, మళ్ళీ వెళ్ళింది. ఆగడాల్లేవు, ఆలోచనల్లేవు. లాగితే చుక్క, లాగితే చుక్క. జారుడుబల్ల మీద బుడగలు తోసుకుంటూ దిగుతున్నాయి. నవ్వుతో కింద కూలబడ్డ పిన్ని అక్క ముఖంలో ఏదో మారడం చూసింది. చిన్నప్పుడు ఇద్దరూ ఉయ్యాల ఊగుతున్నప్పుడు తప్ప ఆ ముఖం మీద అలాంటి వెలుగు ఆవిడ చూసి ఎరగదు.

"మరిదీ, కుడికి జరుపు. ఇంకా కుడికి. చివరి వంపు రావాలి" అని అరుస్తోంది అక్క.

వదిన మాట జవదాటని టైలరు కంగారులో కుడికి జరిపాడు, ఇంకా కుడికి జరిపాడు. ఒక చక్రం గుంటలో పడి బండి గిర్రున తిరిగింది. చివరి వంపు గుడ్డను వదిలి ముందువరస మీద పడింది. పెద్ద మేడమ్ నీలంగా మారింది. ఆవిడ వెనక కూర్చున్న అకౌంట్లాయన పసుపు. జనం లేచారు, కానీ పారిపోయింది కొందరే, మిగతావాళ్ళు ఇటే పరుగెత్తుకొచ్చారు. ఒక బుడగ అక్క ఎదురుగానే బండి చువ్వకు తగిలి పగిలి, ఆ ఇస్త్రీ బట్టల మీద భుజంనుంచి మోకాలిదాకా ఎరుపు పాకింది. అక్క ఒక్క క్షణం కిందికి చూసుకుంది. మళ్ళీ లివరు లాగింది.

బుడగలు అయిపోయాక గానీ అది ఆగలేదు. బుల్లి మైకు పట్టుకుని బిక్కచచ్చి నిలబడిపోయింది. ఉద్యోగం ఊడినట్టే అనుకుంది. పెద్ద మేడమ్ జుట్టులోని నీలం నీళ్ళు పిండుకుంటూ వచ్చి గుడ్డనూ తననూ మార్చి మార్చి చూసుకుంది. మా మొట్టమొదటి ప్రింటరు కూడా ఇలాగే వేసిందమ్మా, కాకపోతే అప్పుడు తడిసింది నేనొక్కదాన్నే అంది. ఆ లివరు తనకు ఒక్కసారి ఇవ్వకుండా బుడగలన్నీ మీ అమ్మే వాడేసిందని ఫిర్యాదు కూడా చేసింది.

ఆ సందడిలోనే అక్క కూతురి మోచెయ్యి పట్టుకుని, అసలుది చూపించమంది. తడిబట్టల మీదే తెల్లకోట్లు తొడుక్కుని ముగ్గురూ ఆ గదిలోకి వెళ్ళారు. టైలరు తనవల్ల కాదని బండి దగ్గరే ఉండిపోయాడు. బుల్లి తెర వెలిగించి మీట నొక్కింది. గాలిలో నల్లటి చుక్క నిలబడింది. తలా తోకా లేకుండా, ఎవరో గుండ్రంగా చుట్టి పెట్టినట్టు, అంచు ఎక్కడా చెదరకుండా.

అక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. వంకర కోసం వెతికే కళ్ళు అవి. చాలాసేపు వెతికాయి.

"ఎవరాపారు దాన్ని?" అంది చివరికి.

"ఆగలేదమ్మా. పడుతూనే ఉంది. దీపమే ఆగి ఆగి చూస్తోంది."

"చెయ్యి తిరిగినవాళ్ళు పెట్టిన సున్నా కూడా ఇంత గుండ్రంగా ఉండదు" అంది అక్క. ఆ మాట ఆవిడ నోటినుంచి రావడానికి ఎంత కష్టపడిందో పిన్నికి తెలుసు కాబట్టి, ఆవిడ ఈసారి నవ్వకుండా పెదవి కొరుక్కుంది. అక్క గొంతు సవరించుకుని, ఇంత మంచి పని చేస్తూ ఇన్నేళ్ళూ తనతో ఒక్క ముక్క చెప్పలేదేమని కూతురి మీద విరుచుకుపడింది. బుల్లి రోజూ చెప్పానంది. నువ్వు చెప్పావు గానీ చూపించలేదు అంది అక్క. అది నిజమే కాబట్టి బుల్లి వాదించకుండా తల్లి భుజం మీద గడ్డం ఆనించి నిలబడింది. ఎర్రరంగు ఆ గడ్డానికీ అంటింది.

సాయంత్రం నలుగురూ బస్సెక్కారు. రంగు కారుతున్న ఆ నలుగుర్నీ చూసి కండక్టరు సీట్లలో కూర్చోవద్దన్నాడు. పై కడ్డీ పట్టుకుని వరసగా నిలబడ్డారు. పక్క సీట్లో కూర్చున్న పెద్దమనిషి, ఏం జరిగిందండీ, ఎక్కడైనా గొడవా అని అక్కను అడిగాడు. గొడవ కాదండీ, మా అమ్మాయి ఆఫీసు నుంచి వస్తున్నామని అక్క చెప్పింది. ఏం ఆఫీసని ఆయన అడిగాడు. బుల్లి కిటికీలోంచి బయటికి చూస్తున్నట్టు నటించింది.

అక్క మొదలుపెట్టింది. ఒక చేత్తో కడ్డీ పట్టుకుని రెండో చేతిని తెడ్డు చేసింది. వేడెక్కితే ఇలా వంగుతుందంది. మెడ సన్నబడటం చూపించడానికి తన మెడే సాగదీసింది. పొరల్లో ఏది సాగుతుందో ఏది సాగదో తారుమారు చేసింది, నీటి చర్మం దగ్గర ఏనుగునూ చీమనూ కలిపేసింది, కన్ను ఆర్పేలోపు వేల చుక్కలన్నదాన్ని లక్షలు చేసింది. బుల్లి సరిదిద్దబోతే పిన్ని ఆ పిల్ల పాదం మీద కాలు వేసి ఆపింది. ముందు సీటువాళ్ళు వెనక్కి తిరిగారు. కండక్టరు టిక్కెట్లు కొట్టడం మానేసి వచ్చి నిలబడ్డాడు. వాల్వు లేకపోతే కారదా అని అతను అడిగాడు. మంచి ప్రశ్న అడిగావు నాయనా అని అక్క బడిలో అన్నట్టే అని, మళ్ళీ మొదటినుంచి అందుకుంది.

వాళ్ళు దిగాల్సిన స్టాపు వచ్చింది, వెళ్ళిపోయింది. టైలరు చూశాడు గానీ వదిన మాటకు అడ్డం రావడం ఆయనకు అలవాటు లేదు. చివరి స్టాపులో బస్సు ఆగి డ్రైవరు ఇంజను ఆపేశాక, ఆ నిశ్శబ్దంలో కూడా అక్క, చుక్క తెగే ఘట్టంలోనే ఉంది. దిగి, వచ్చిన దారంతా నలుగురూ నడిచి వెనక్కి వచ్చారు. తడిసిన చెప్పులు అడుగడుక్కీ చప్పుడు చేస్తున్నాయి. అక్క మధ్యమధ్యలో ఆగి, ఆ రెండు పొరల్లో సాగేది పైదా కిందిదా, ఇంకోసారి చెప్పవే అని కూతుర్ని అడుగుతూనే ఉంది.